రెండో డికాక్షను ఎవరికి?

ఈ మధ్య మిత్రుడొకరు నన్నొక ప్రశ్న అడిగారు. ఇంట్లో చేత్తో కాఫీ తీసుకోవడానికి ఏ పరికరం కొంటే మంచిదని. కాగితం వేసి నీళ్ళు పోసే గాజు గరాటా, ఫ్రెంచి ప్రెస్సు, ఇటలీవారి మోకా కూజా, ఏరోప్రెస్సు అంటూ నాలుగు పేర్లు చెప్పి, నాలుగింటి ధరలూ చెప్పి, నా తీర్పు కోరారు. "ముందు మీ అటక ఎక్కి చూడండి, ఐదోది దొరుకుతుంది" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. స్టీలు ఫిల్టరు వంటసామానేగాని కాఫీ పరికరం కాదట. నాది పల్లెటూరి ఛాందసమట. ఆ మాట పడ్డాక ఊరకుండడం నా వల్ల కాలేదు. అందుకే ఈ టపా.

పల్లెటూరి మాట నిజమే. తెనాలి, బాపట్ల, రేపల్లె అని మూడు ఊళ్ళ పేర్లు చెబితే తప్ప మా రామాపురం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఛాందసం మాట మాత్రం ఒప్పుకోను. ఆ నాలుగు పరికరాల మీద నాకు ద్వేషం లేదు. వాటిలో మూడు నా వంటింట్లోనే ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్నవాణ్ణి కనుక నాలుగు మాటలు అనే హక్కు నాకు ఉందనుకుంటాను.

ముందు లెక్క చూద్దాం. గాజు గరాటాలో పదిహేను గ్రాముల పొడికి సుమారు రెండువందల నలభై మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తాం. మూడు నాలుగు నిమిషాల్లో దిగేది పలుచని, తేటయిన కాఫీ. పొడిలోని నూనెను కాగితం పట్టేస్తుంది. పాలూ పంచదారా లేకుండా త్రాగేవారికి అంతకన్న మంచి పద్ధతి లేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. కాని మన ఇళ్ళలో నూటికి ఎందరు అలా త్రాగుతారు? ఆ పలుచని కషాయంలో పాలు కలిపి చూడండి. అటు పాలూ కాదు, ఇటు కాఫీ కాదు. గ్లాసు కడిగిన నీళ్ళు. మన పాలకాఫీకి కావలసినది చిక్కని డికాక్షను. ఇరవై గ్రాముల పొడి మీద నూరు మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు పోస్తే, అందులో నలభై దాకా పొడే పీల్చుకోగా, అరవై క్రిందికి దిగుతుంది. ముప్పై మిల్లీలీటర్ల డికాక్షనుకు నూరు మిల్లీలీటర్ల పాలు. రెండు గ్లాసుల కాఫీ. ఈ పని కోసమే పుట్టినది స్టీలు ఫిల్టరు. పైగిన్నె, క్రిందిగిన్నె, కాడ ఉన్న బిళ్ళ, మూత: అంతే. దీనికి కాగితం ఖర్చు లేదు, కరెంటు అక్కరలేదు, పగిలే గాజు లేదు, అరిగే రబ్బరు లేదు.

మోకా కూజాలో చిక్కదనం వస్తుంది, కాదనను. 1933 నుంచీ ఇటలీవారు దానితో సుఖంగానే ఉన్నారు. కాని అది పొయ్యి మీద ఉన్నంతసేపూ మనిషి దగ్గర ఉండాలి, మంట ఒక్క క్షణం ఎక్కువైతే మాడు చేదు. పైగా దాని మీద వ్రాసిన "ఆరు కప్పులు" ఇటలీ కప్పులు. మన గ్లాసులతో కొలిస్తే ఆ అంకె నిలవదు. ఫ్రెంచి ప్రెస్సుకు బరక పొడి కావాలి, అడుగున మడ్డి మిగులుతుంది. 2005లో వచ్చిన ఏరోప్రెస్సు తెలివైన సాధనం, రెండు నిమిషాల్లో పని పూర్తి. కాని ఒక్కసారికి ఒక్క మనిషికే. ఈ ఒక్క మనిషి అన్న చోటే నా అసలు పేచీ. దానికి మళ్ళీ వస్తాను.

ఫిల్టరు పాతకాలపుదని ఈసడించేవారు ఒక సంగతి గమనించాలి. మీ గరాటా క్రొత్తదేమీ కాదు. 1908లో జర్మనీలోని డ్రెస్డెనులో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి, కప్పులో మడ్డి పడలేక, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడుకాగితం చింపి, అడుగున చిల్లులు పొడిచిన గిన్నెలో పరిచి కాఫీ వడగట్టుకున్నదని చెబుతారు. వంటింట్లో నిలబడే మనిషి తన కప్పు కోసం తాను చేసుకున్న ఉపాయమది. అడుగున చిల్లులున్న గిన్నె ఆమె దగ్గరా ఉంది, మా అమ్మ దగ్గరా ఉంది. ఒకటి శాస్త్రం, ఇంకొకటి ఛాందసం ఎలా అయ్యాయో నాకు బోధపడదు.

ఇంతవరకూ చదివి, "బాగా చెప్పారు, అమ్మ చేతి ఫిల్టరు కాఫీకి సాటి ఏముంది" అని చప్పట్లు కొట్టబోయేవారున్నారు. దయచేసి ఆగండి. నా జగడంలో రెండో సగం మీతోనే.

క్రిందటి సంక్రాంతికి గాజు గరాటా మూట కట్టుకుని రామాపురం వెళ్ళాను. సన్నని ముక్కు కెటిలు, చిన్న త్రాసు, ఫోనులో గడియారం, అన్నీ అరుగు మీద పరిచి అమ్మ ముందు నా విద్య ప్రదర్శించాను. నీళ్ళకు కూడా చాలా తతంగం చేశాను. మా ప్రాంతంలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన, వాటితో ఎంత మంచి పొడీ నోరు విప్పదు. అందుకని ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను తెప్పించాను. మొదటి కప్పు అమ్మకే ఇచ్చాను. ఆమె చేతిలో పట్టుకుంది గాని త్రాగలేదు.

"మరి మీ నాన్నకురా?"

"ఇంకోసారి తీస్తానమ్మా."

"ఆ పొడి మీదే మళ్ళీ నీళ్ళు పోస్తావా?"

"లేదు, అది పారేసి క్రొత్త పొడి వేస్తాను."

అమ్మ కాసేపు ఆలోచించి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "అయితే ఇందులో రెండో డికాక్షను ఉండదా? మరి మిగతావాళ్ళకేం పోస్తారు?"

రెండో డికాక్షనంటే తెలియని పిల్లల కోసం చెబుతాను. ఒకసారి డికాక్షను దిగిన పిప్పి మీదే మళ్ళీ వేడినీళ్ళు పోసి తీసేది రెండోది. సారమంతా మొదటిదానితోనే పోతుంది. మిగిలేది కాస్త రంగు, బోలెడు చేదు. మా ఇంట్లో ఎనిమిది మందిమి. ఫిల్టరు మూడు గ్లాసులది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆ ఫిల్టరు నింపినది అమ్మ. బిళ్ళ సరిగా ఒత్తి, చిల్లులు మూసుకుపోతే గుండుసూదితో పొడిచి, అడుగు పొయ్యిసెగ మీద కాల్చి మురికి వదలగొట్టినది అమ్మ. బొట్లు ఆగిపోతే పైగిన్నెను కొంచెం ఎత్తి, లోపల బిగిసిన గాలి వదిలి, మళ్ళీ దించినది అమ్మ. మొదటి డికాక్షను తాతయ్యకు, నాన్నకు, వచ్చిన పెద్దమనిషికి. రెండోది నాయనమ్మకు, అత్తయ్యలకు, అమ్మకు. అదీ చాలకపోతే ఇంకాసిని నీళ్ళు కలిపి, గొడ్లచావిడి గూట్లో ఉండే సత్తుగ్లాసులో పాలేరుకు. ఆ గ్లాసు వంటింట్లోకి వచ్చేది కాదు. కడుక్కుని మళ్ళీ ఆ గూట్లో పెట్టుకోవలసినది కూడా అతనే.

నేను మొదటి డికాక్షను త్రాగి పెరిగాను. మగపిల్లవాణ్ణి కనుక, బడికి పోయేవాణ్ణి కనుక, నా గ్లాసు నాన్న గ్లాసు ప్రక్కన ఉండేది. అక్క కూడా బడికి పోయేది. ఆమె గ్లాసు మాత్రం అమ్మ గ్లాసు ప్రక్కన ఉండేది. ఆ సంగతి నాకు నలభై ఏళ్ళ తరువాత, గాజు గరాటా ముందు కూర్చుని, అమ్మ అడిగిన ఆ అమాయకపు ప్రశ్న విన్నాక గుర్తుకు వచ్చింది. కాఫీ మీద దండకాలు చదివించిన జాతి మనది. నేను చదివినవాటిలో కాఫీ త్రాగేవాడి ఆనందం ఉంది. ఫిల్టరు నింపిన చేతికి ఏ డికాక్షను దక్కిందన్న ప్రస్తావన లేదు. "అమ్మ చేతి కాఫీ" అని మురిసిపోయే అయ్యలారా, అమ్మ త్రాగినది ఏ కాఫీయో ఎన్నడైనా అడిగారా?

లోపం ఫిల్టరుది కాదు. అది ఎంత పొడి వేస్తే అంత ఇస్తుంది. లోపం దాని కొలతది, ఆ కొలత ఎంచినవారిది. ఎనిమిది మంది ఇంటికి మూడు గ్లాసుల ఫిల్టరు కొన్న రోజునే అయిదుగురికి పిప్పినీళ్ళు అని తీర్పు అయిపోయింది. బీదరికం కొంత కారణం, ఒప్పుకుంటాను. కాని ఉన్న పొడి ఎనిమిదికీ సమంగా పంచి అందరూ కాస్త పలుచగా త్రాగవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అది బీదరికం చేసిన పని కాదు.

క్రొత్త పరికరాలవారు దీన్ని విని సంబరపడనక్కరలేదు. ఒకరికే సరిపడే సాధనంతో ఇంట్లో ఒకడే కళాకారుడవుతాడు, తక్కినవారు ప్రేక్షకులవుతారు. నలుగురున్న ఇంట్లో నాలుగుసార్లు నిలబడి పోసే ఓపిక ఎవరికుంది? ఆదివారం ప్రొద్దున్న అయ్యగారు తన కప్పు తాను తీసుకుని ఫోటో పెట్టుకుంటారు. తక్కిన ఆరు రోజులూ వంటింట్లో అమ్మగారు సీసాలోని ఇన్‌స్టంటు పొడి కలుపుకుంటుంది. అదీ రెండో డికాక్షనే, పేరు మారింది.

పొడి గురించి ఒక్క మాట. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. అసలు పారిస్‌లో 2017లో అరకు కాఫీకి దుకాణమే తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కొండల్లో గిరిజన రైతులు నీడచెట్ల క్రింద పండించిన గింజ అది. ఆంధ్రా ప్యారిస్ ప్రక్కనున్న మా ఇంట్లో మాత్రం ఏళ్ళ తరబడి సగానికి కొంచెం తక్కువ చికోరీ త్రాగాం. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసి కలుపుతారు. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఏది ఎంతో పొట్లం మీద అచ్చువేయాలని నిబంధన ఉంది. పొట్లం వెనక్కి త్రిప్పి చదవండి. చికోరీ ఇష్టమైతే తెలిసే త్రాగండి, అది నేరం కాదు. మానేయదలిస్తే మాత్రం ఒక జాగ్రత్త. చికోరీ నీటిలో ఉబ్బి ధారను నెమ్మది చేస్తుంది. అది లేని పొడి వేస్తే నీళ్ళు గబగబా దిగిపోయి డికాక్షను పలుచనవుతుంది. "ఫిల్టరు పనికిరాదు" అని అప్పుడే పారేయకండి. పొడి ఇంకొంచెం మెత్తగా ఆడించి, బిళ్ళ ఇంకొంచెం గట్టిగా ఒత్తండి, సరిపోతుంది.

కనుక మిత్రమా, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. పాలు లేకుండా ఒంటరిగా త్రాగేవారైతే గాజు గరాటా కొనుక్కోండి, నా ఆశీస్సులు. పాలకాఫీ త్రాగే ఇల్లయితే ఫిల్టరు. కాని ధర అడగకముందు ఇంట్లో కాఫీ త్రాగేవారెందరో లెక్కపెట్టండి. ఆ లెక్కలో పనిచేయడానికి వచ్చే మనిషినీ కలపండి. అందరికీ మొదటి డికాక్షను వచ్చే ఫిల్టరు కొనండి. ఒకటి చాలకపోతే రెండు కొనండి, రెండూ కలిపినా మీ గాజు గరాటా, కెటిలు, త్రాసుల సరంజామా ఖరీదు కాదు. రాత్రి నిద్రపోయే ముందు దాన్ని నింపే పని మీరు తీసుకోండి. ఈ షరతు లేకపోతే నా సలహా నాకు వాపసు ఇచ్చేయండి.

సంక్రాంతి వెళ్ళిన మర్నాడు తెనాలి వెళ్ళి పది గ్లాసుల ఫిల్టరు కొన్నాను. పాతదాన్ని అమ్మ పాతసామాన్లకు వేయనివ్వలేదు. దాని మీద తాతయ్య పేరు, పెళ్ళి తేదీ చెక్కించి ఉన్నాయి. కడిగి అటక మీద పెట్టాను. ఆ రాత్రి క్రొత్తదాన్ని నేనే నింపాను, ప్రొద్దున్నే నేనే పాలు కాచాను. అమ్మ తన గ్లాసులోకి చూసి, "ఇంత చిక్కగా నేను త్రాగలేనురా, కాసిని నీళ్ళు పొయ్యి" అన్నది.

పోశాను. ఇన్నేళ్ళు ఆలస్యంగా కొన్న ఫిల్టరు గురించి ఇంతకన్న గొప్పలు చెప్పుకోవడానికి నాకేమీ లేదు. మీ ఇంట్లో లెక్క ఎంత తేలిందో వ్యాఖ్యల్లో చెప్పండి. ఛాందసుడనని తిట్టదలచినవారు కూడా నిరభ్యంతరంగా రావచ్చు, కాని ముందు మీ అమ్మగారిని అడిగి రండి.