బడి బీరువాకు తాళమెందుకు?

గ్రామాల్లో చందాలకు కొదవ లేదు. బొడ్రాయి పండుగ అనుకుంటే గడపకింత అని నాలుగు రోజుల్లో పోగవుతుంది. గుడికి ధ్వజస్తంభం నిలపాలన్నా, వినాయకుణ్ణి కూర్చోబెట్టాలన్నా ఊరంతా కదులుతుంది. పత్తి ఏరబోయే కూలి ఇల్లాలు సైతం తన వంతు ఇవ్వకుండా ఊరుకోదు. ఓరుగల్లు పల్లెలది పెట్టే చెయ్యి అనడంలో అతిశయోక్తి లేదు. కాని అదే ఊళ్లోని ప్రాథమిక పాఠశాలకు కథల పుస్తకాలు కావాలని చందా పుస్తకం పట్టుకుని తిరిగినవారు అరుదు. అడగనిదే అమ్మయినా పెట్టదన్నది బడి విషయంలో అక్షరాలా నిజమైంది.

పిల్లలకు పాఠ్యపుస్తకాలు సర్కారు ఉచితంగా ఇస్తూనే ఉంది కదా, ఇంకా పుస్తకాలెందుకని కొందరు అనవచ్చు. ఇక్కడే అసలు సంగతి ఉంది. పాఠ్యపుస్తకం పరీక్ష కోసం. పిల్లవాడు దాన్ని భయంతో తెరుస్తాడు, గంట కొట్టగానే మూస్తాడు. కథల పుస్తకం అలా కాదు. కుందేలు ఏమైందో, రాజుగారు ఏమన్నారో తెలుసుకోవాలన్న ఆత్రంతో పిల్లవాడు తనంతట తానే పేజీ తిప్పుతాడు. చదవడం అలవాటయ్యేది ఈ ఆత్రం వల్లనే. ఈత నేర్చుకోవాలంటే బావిలో దిగాలి గాని, గట్టున కూర్చుని పాఠం వింటే రాదు. చదువూ అంతే.

లెక్కలు చెబుతున్న నిజం

దేశవ్యాప్తంగా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం, ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం మాత్రమే. ఐదో తరగతికి వచ్చేసరికి కూడా ఇది 44.8 శాతం దాటలేదు. కరోనా కాలంలో బళ్లు మూతపడ్డాక 2022లో ఇంకా తగ్గిపోయిన అంకెలు ఈమాత్రమైనా పెరగడం హర్షణీయమే. అయినా ఐదో తరగతి దాటబోతున్న పిల్లల్లో సగానికి మించి రెండో తరగతి పాఠం చదవలేకపోవడం శోచనీయం.

దీని పర్యవసానం చిన్నది కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లవాడు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. అటువంటివాడికి లెక్కల్లో కూడికలు వచ్చినా, మాటల్లో ఇచ్చిన లెక్క అర్థం కాదు. సాంఘిక శాస్త్రం బండరాయి అవుతుంది. పై తరగతుల్లో వెనకబెంచీ, ఆ పైన బడి మానడం, చివరికి గొర్ల వెంటో, మేస్త్రీ వెంటో పోవడం. పిల్లవాడికి చదువు అబ్బలేదని తల్లిదండ్రులు తలరాతను తిట్టుకుంటారు. నిజానికి అబ్బనిది చదువు కాదు, చదివే అలవాటు. మూడో తరగతిలోపు ఈ అలవాటు పడకపోతే తర్వాత పట్టుకోవడం కష్టం. కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టి, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని లక్ష్యం పెట్టుకున్నది ఇందుకే. రాష్ట్రంలో 2022 ఫిబ్రవరి 5న నూరు రోజుల పఠనోత్సవం ఆరంభించినదీ ఇందుకే. అదే ఏడాది ‘తొలిమెట్టు’ కూడా వచ్చింది.

మరో మార్పూ గమనించదగింది. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చువేస్తున్నారు. ఇంగ్లీషు రావాలని ఏ తల్లి కోరుకోదు? కాని ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ధారాళంగా చదవలేని బిడ్డకు రెండో భాష ఎక్కడ నిలుస్తుంది? తెలుగు కథల పుస్తకం అవసరం దీనితో తగ్గలేదు, రెట్టింపయింది.

ఓరుగల్లుకు కొత్త కాదు

పుస్తకం కోసం జనం చందా వేసుకోవడం ఈ గడ్డకు కొత్త విద్య కాదు. నిజాం పాలనలో తెలుగుకు ఆదరణ లేదు. పై చదువులు ఎక్కువగా ఉర్దూలోనే. తర్వాతి కాలంలో సొంతంగా బడి పెట్టుకోవాలన్నా, సభ జరుపుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసి వచ్చింది. అలాంటి రాజ్యంలో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు వంటి పెద్దలు దానికి పూనుకున్నారు. మూడేళ్లు తిరగకముందే, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం నెలకొన్నది. 1918లో వరంగల్లో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వచ్చింది. ఇవేవీ సర్కారు సొమ్ముతో లేచినవి కావు. భాష మీద మమకారం ఉన్నవారు తలా ఇంత వేసుకుని నిలబెట్టినవి.

ఆ తర్వాతి తరంలో వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి తక్కువ ధరకు పుస్తకాలు అందించారు. కృష్ణా కాలువ మీద 1935లో పాతూరి నాగభూషణం పడవలో గ్రంథాలయం నడిపారు. జనం పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే జనం దగ్గరకు పోవాలన్నది ఆ పెద్దల సిద్ధాంతం. బస్సు లేని రోజుల్లో, కరెంటు లేని రోజుల్లో, చదవడమే అనుమానంగా చూసిన రోజుల్లో వారు ఇంత చేశారు. నేడు ఊరి నడిబొడ్డునే బడి ఉన్నా, అందులో పుస్తకాలు పిల్లల చేతికి అందకపోతే ఆ పెద్దల పేరు చెప్పుకోవడానికి అర్హత ఎక్కడుంది?

వరంగల్ నగరానికి 2022లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ‘నేర్చుకునే నగరాల’ కూటమిలో చోటిచ్చింది. ఇది జిల్లాకు గర్వకారణమే. అయితే ఈ కీర్తి నగరంలో బోర్డుగా మిగలకుండా, పల్లె బడి గదిలోకి రావలసిన అవసరం ఎంతైనా ఉంది.

ప్రభుత్వం బాధ్యత ఎంత?

ఊరు ఇవ్వాలి అనగానే, మరి సర్కారు ఎందుకున్నదని ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి. అందులో పత్రికలు, కథల పుస్తకాలు సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలి. సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక పాఠశాలకు పుస్తకాల కోసం ఏడాదికి 5 వేల రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. అంతేకాదు, 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అంటే ఇంటి పన్ను కట్టే ప్రతి రైతూ, ప్రతి కూలీ తెలిసో తెలియకో పుస్తకాల కోసం ఇప్పటికే చెల్లిస్తున్నాడు. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరాలి. చేరిన సొమ్ము పల్లెకు పుస్తకంగా తిరిగి రావాలి. దీన్ని అడిగే హక్కు గ్రామస్తులకుంది. గ్రామసభలో ఒక్కసారైనా ఈ పద్దు గురించి నిలదీయాలి.

కాని హక్కును అడుగుతూనే చేతనైనది చేయడం తెలివైన ఊరి లక్షణం. చెరువు తూము గండిపడితే ఇంజినీరు వచ్చేదాకా ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. ముందు మట్టి తట్టలు ఎత్తుతారు, ఆ తర్వాతే అర్జీ పెడతారు. గీసుకొండ మండలం గంగదేవిపల్లి దేశమంతటికీ తెలిసింది ఇలాగే. అక్కడి జనం పనికొక కమిటీగా ఏర్పడి, తమ వంతు డబ్బు తాము వేసుకుని, తాగునీరు, పారిశుద్ధ్యం చక్కబెట్టుకున్నారు. నీటికి కమిటీ వేసుకున్న జిల్లాలో పుస్తకానికి ఒక కమిటీ వేసుకోవడం కష్టమా?

గడపకు ఇరవై రూపాయలు

ఖర్చు ఎంత అన్నది చూద్దాం. 200 గడపలున్న ఊళ్లో గడపకు 20 రూపాయలు వేస్తే 4 వేలు. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం వంటి సంస్థలు పిల్లల కోసం బొమ్మలతో అచ్చువేసే చిన్న పుస్తకాలున్నాయి. సగటున పుస్తకం 40 రూపాయలు పడినా 100 పుస్తకాలు వస్తాయి. ముప్పై నలభై మంది పిల్లలున్న బడికి ఏడాది పొడుగునా సరిపోయే గ్రాసం ఇది. ఒక్క పెళ్లి బరాతులో కాల్చే టపాసుల ఖరీదు కూడా కాదు.

పంట చేతికొచ్చినప్పుడు కళ్లం దగ్గరే పనిబాటలవారికి మేర కొలిచి ఇచ్చే ఆచారం ఈ పల్లెల్లో ఉండేది. ఊరికి పని చేసినవారికి ఊరి పంటలో వాటా ఉండాలన్నది దాని న్యాయం. బడి కూడా ఊరి పనే చేస్తున్నది. ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి అమ్ముకుని వచ్చే రైతు మిఠాయి పొట్లంతో పాటు ఒక కథల పుస్తకం కొని బడికిస్తే అదే బడి మేర. ఊరు విడిచి హైదరాబాదులో, దుబాయిలో, అమెరికాలో ఉన్నవారు వచ్చినప్పుడు ఇచ్చేవి ఎటూ ఉంటాయి. కాని ఒక్క దాత ఇచ్చిన లక్ష కన్నా, రెండు వందల గడపలు ఇచ్చిన నాలుగు వేలకు విలువ ఎక్కువ. ఎందుకంటే ఇచ్చిన ప్రతి ఇల్లాలూ తన బిడ్డ ఆ పుస్తకం చదివాడా లేదా అని అడుగుతుంది. ఆ అడగడమే బడికి కావలసిన అసలు విరాళం.

ఇవ్వడంలో మర్యాద కూడా పాటించాలి. పేదపిల్లవాణ్ణి పిలిచి, చేతిలో పుస్తకం పెట్టి, ఫొటో తీసి, ఫ్లెక్సీ కట్టడం దానం కాదు, పిల్లవాడి మనసు చిన్నబుచ్చడం. ఇచ్చేది బడికి ఇవ్వాలి. అది అందరి పిల్లలదీ కావాలి. వచ్చిన డబ్బు, కొన్న పుస్తకాల లెక్క బడి గోడ మీద రాసి పెట్టాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని చట్టం చెబుతున్నది. కనుక ఈ లెక్క తల్లుల చేతిలో ఉంటే మరీ మంచిది.

పిల్లలూ ఇచ్చేవారే

పుచ్చుకోవడమే పిల్లల వంతు అనుకోవడం పొరపాటు. ఐదో తరగతి అమ్మాయి ఒకటో తరగతి తమ్ముళ్లను కూర్చోబెట్టుకుని కథ చదివి వినిపిస్తే అది దానమే. చదువు రాని నాయనమ్మకు ఇంట్లో రాత్రిపూట పుస్తకం చదివి వినిపిస్తే అదీ దానమే. ఆ నాయనమ్మ బడికి వచ్చి తనకు తెలిసిన కథ చెబితే, పిల్లలు దాన్ని రాసుకుని బొమ్మలు వేసి కుట్టుకుంటే బడికి మరో పుస్తకం వచ్చినట్టే. పోతన పుట్టిన బమ్మెర, పాల్కురికి సోమన పేరు చెప్పే పాలకుర్తి ఉన్న ప్రాంతమిది. ఒగ్గు కథ తెల్లవార్లూ విన్న ముసలివారు ప్రతి ఊళ్లో ఉన్నారు. అక్షరం రాకపోయినా వారి దగ్గర ఉన్నది తక్కువ సంపద కాదు. వాయనం ఇచ్చిన చెయ్యి, పుచ్చుకున్న చెయ్యి రెండూ నిండేది ఇలాంటి చోటనే.

దీనికి పండుగ రోజులూ సిద్ధంగానే ఉన్నాయి. మడికొండలో పెరిగిన ప్రజాకవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఈ రెంటిలో ఒక రోజున ఊరంతా బడికి రావాలి. ఉపన్యాసాలు, శాలువాలు తగ్గించి పిల్లల చేత చదివించాలి. తడబడిన బిడ్డను చూసి నవ్వకుండా, చివరిదాకా ఓపికతో విని చప్పట్లు కొట్టాలి. అంతకుమించిన బహుమతి లేదు.

చివరగా బీరువా సంగతి. పుస్తకాలు చిరిగిపోతాయని, లెక్క తప్పుతుందని, రేపు తనిఖీకి వచ్చినవారు అడుగుతారని భయపడి తాళం వేసుకునే బళ్లున్నాయి. ఉపాధ్యాయుల ఇబ్బంది అర్థం చేసుకోదగిందే. పోయిన పుస్తకానికి వారే జవాబు చెప్పుకోవలసి వస్తే ఎవరు ధైర్యం చేస్తారు? అధికారులు ఈ భయం పోగొట్టాలి. చిరిగిన పుస్తకాన్ని నష్టంగా రాయకూడదు, చదివిన పుస్తకంగా రాయాలి. మైదాపిండి ఉడికించి అతికించే పని పిల్లలే సంతోషంగా చేస్తారు. నలగకుండా, మాసిపోకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్న పుస్తకమే అసలైన నష్టం. దాన్ని తినేది చెదలే.

ఊళ్లో బడి ఉంటేనే ఊరికి వెలుగు. పిల్లలు తగ్గిపోయి, పట్నం బడి బస్సు రోజూ గడప ముందుకొచ్చి ఆగుతుంటే, మన బడి మూతపడుతుందేమోనని బాధపడే పెద్దలు చాలా ఊళ్లలో ఉన్నారు. అర్జీలు పెట్టినంత మాత్రాన బడి నిలవదు. అక్కడ చదివిన పిల్లవాడు నలుగురిలో నిలబడి గడగడా చదివితే, ఆ గొంతు విన్న తల్లిదండ్రులు తమ పిల్లల్ని వారే తెచ్చి చేర్పిస్తారు. సర్పంచులు, యువజన సంఘాలవారు, మహిళా సంఘాల సభ్యులు ఈ వారంలోనే ఒకసారి బడికి వెళ్లి, బీరువా తెరిపించి, అందులో ఎన్ని పుస్తకాలున్నవో చూడాలి. ఉంటే పిల్లలకు ఇప్పించాలి. లేకుంటే చందా పుస్తకం తెరవాలి.