కొండలు వెల యిచ్చునా?

“బొమ్మలు కూడు పెట్టునా?” అని తలిదండ్రు లడుగుదురు. చిత్రలేఖనమున నేర్పుగల విద్యార్థి తరగతి కొక్కడైన నుండును గనుక ఈ ప్రశ్నము మా చెవిని తరచుగా బడుచున్నది. దీనిని మేము తేలికగా ద్రోసివేయజాలము. మనుష్యుల రూపములు వ్రాయువానికి ఎదుట గూర్చున్నవాడే సొమ్మిచ్చును. కొండయు నేరును తమ్ము జిత్రించినందులకు కాసైన నియ్యవు. ప్రకృతి దృశ్యములు వ్రాయువారి యిక్కట్టులకు మూల మిదియే యని మా తలంపు.

ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ చరిత్రము చూడుడు. ఈతడు 1776లో సఫక్ మండలమందలి ఈస్ట్ బెర్గోల్ట్ గ్రామమున జన్మించెను. తండ్రి నీటిమరలుగల ధాన్యవర్తకుడు. 1802లో ఒక సైనిక కళాశాలయందు చిత్రలేఖనోపాధ్యాయుని పదవి లభింపగా, కాన్‌స్టేబుల్ వలదనెను. (ఉపాధ్యాయులమైన మాకు ఈ మాట కొంచెము కష్టముగనే యున్నది.) పొట్టకొఱకు రూపచిత్రములు వ్రాసెను, మనసు మాత్రము తన యూరి యేటియొడ్డుననే యుండెను. అతడు వలచిన మరియా బిక్నెల్ తాతగారు ఆ గ్రామపు పాదిరి. ఆయన యీ సంబంధమున కొప్పుకొనలేదు. ఏడేండ్లు వేచి, 1816లో నలువదవయేట వివాహమాడెను.

1819లో “తెల్లగుఱ్ఱము” అను పెద్దపటము నూరు గినీలకు అమ్ముడుపోయెను. కొన్నవాడు రాజు గాడు, జమీందారు గాడు. మిత్రుడైన జాన్ ఫిషర్ అను పాదిరి. ఒక పాదిరి మూసిన తలుపును మఱియొక పాదిరి తెఱచెనని మేము సంతోషించుచున్నాము. నేడు లండను నేషనల్ గ్యాలరీలో జనులు గుమిగూడి చూచు “గడ్డిబండి” 1821లో ప్రదర్శింపబడినపుడు కొనువారే లేకపోయిరి. 1824లో పారిసు వర్తకు డొకడు దానిని కొనిపోగా, అచ్చట సువర్ణపతకము వచ్చెను. స్వదేశపు రాయల్ అకాడెమీ పూర్ణసభ్యత్వ మొసగినది 1829లో; అప్పటికి భార్య కన్నుమూసి కొలది నెలలయ్యెను.

తండ్రి యాస్తి తోడుండియు నీతని పాటు ఇట్టిది. మన పిల్లలలో ఎందఱి తండ్రులకు మరలున్నవి? కొండ యియ్యని వెలను కొండ నీడను బ్రదుకువారే ఇయ్యవలయును. మన యిండ్ల గోడలపై అచ్చుబొమ్మలలోని పరదేశపు మంచుకొండలు వ్రేలాడుచున్నవి. మన యూరి చెఱువు ఏ గోడమీద నున్నది?

రాబోవు వార్షికోత్సవమున బాలబాలికల చిత్రములకు చప్పట్లతో సరిపుచ్చక, ప్రతిదాని క్రిందను వెల వ్రాసి యుంచవలెనని పాఠశాలాధికారులను గోరుచున్నాము. వెల స్వల్పమైనను సరియే. మొదటి పటమునకు మా పత్రికగదిలో గోడ ఖాళీగా నున్నది. సొమ్మును మేమే చందా వేసికొని సిద్ధపఱచితిమి.