చచ్చిన చేప, బతికున్న దవడ

"నాన్నా, డంక్లియోస్టియస్ పది మీటర్లు లేదంట, నాలుగేనంట!" అన్నాడు మావాడు మొన్న భోజనాల దగ్గర, ఎవరో వాడి ఆస్తి కాజేసినట్టు మొహం పెట్టి.

నిజమే. సుమారు 36 కోట్ల ఏళ్ళ కిందటి ఈ చేపకి తలా మెడా కప్పిన ఎముక పలకలే శిలాజాలుగా మిగిలాయి. వెనక భాగం మృదులాస్థి కాబట్టి దాదాపు ఏమీ దొరకలేదు. ఇన్నాళ్ళూ అంచనాతో తోక అతికించారన్నమాట. 2023లో రస్సెల్ ఎంగెల్‌మన్ దాని తల కొలతల్ని బోలెడన్ని చేపలతో పోల్చి లెక్కగడితే నాలుగు మీటర్ల దగ్గర తేలింది. నెట్లో జనం ఒకటే ఏడుపు!

నన్నడిగితే ఏడవాల్సింది పొడుగు గురించి కాదు. ప్లాకోడెర్మ్‌లనే ఈ కవచపు చేపల్ని "అంతరించాయి, అంటే ఓడిపోయాయి" అని కొట్టిపారేస్తామే, దాని గురించి.

చైనాలోని యునాన్‌లో దొరికి, 2013లో లోకానికి పరిచయమైన ఎంటెలోగ్నాథస్ సంగతి చూడండి. వయసు 41.9 కోట్ల ఏళ్ళు, పొడుగు జానెడు. డాక్యుమెంటరీలకి పనికొచ్చే రాక్షసి కాదు. ఒళ్ళు చూస్తే ప్లాకోడెర్మే, దవడ చూస్తే మాత్రం మన దవడలో ఉండే రకం ఎముకలు! అంతకుముందు చాలామంది ఏమనుకునేవాళ్ళంటే, తొలి దవడ జీవులు సొరచేపల్లా ఉండేవనీ, మన దవడ ఎముకలు ఆ తర్వాత కొత్తగా పుట్టాయనీ. ఈ బుల్లి చేప ఆ కథని తిరగేసింది. ఎముక ముందే ఉంది, సొరచేపలే తర్వాత వదిలేసుకున్నాయి.

నేను జీవశాస్త్రవేత్తని కాను, పొట్టకూటికి కోడు రాసుకునేవాణ్ణి. మా ఆఫీసులో ఇరవై ఏళ్ళ కిందటి ప్రోగ్రాముని అందరూ తిడతారు, రాసినవాళ్ళెవరూ లేరు, కానీ జీతాల లెక్క దాంతోనే నడుస్తుంది. ఇదీ అంతే.

పైగా ఓడిపోవడమేంటండీ? వాళ్ళు ఏడు కోట్ల ఏళ్ళకి పైగా సముద్రాల్లో బతికారు. మనిషి పుట్టి మూడు లక్షల ఏళ్ళు. మనమా వాళ్ళకి మార్కులు వేసేది?

అందుకే మావాడితో అన్నాను, "ఒరేయ్, నువ్వు ముద్ద నములుతున్నది ఆ చేపలిచ్చిన దవడతోనేరా" అని. వాడు నమలడం ఆపి గడ్డం తడుముకున్నాడు. పది మీటర్ల గురించి మళ్ళీ ఎత్తలేదు.