పక్షవాత నివారణలో ఆకుకూర: విస్తరణ రంగం గుర్తించవలసిన బాధ్యత

చందానగర్ వంటి ఐటీ కారిడార్ కాలనీలలో విటమిన్ అనగానే మందుల దుకాణంలోని మాత్ర గుర్తుకు వస్తుంది. కాలనీ మలుపులో బండిపై అమ్మే తోటకూర కట్ట గుర్తుకు రాదు. పక్షవాత నివారణ దృష్ట్యా ఈ ధోరణిని సరిదిద్దవలసిన అవసరం ఉంది.

ఫోలేట్, బి12, బి6 విటమిన్లు తగినంతగా అందనప్పుడు రక్తంలో హోమోసిస్టీన్ పెరుగుతుంది. దాని స్థాయి అధికంగా ఉన్నవారిలో పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపిస్తుంది. 2015లో వెలువడిన చైనా అధ్యయనంలో అధిక రక్తపోటు గల సుమారు 20,700 మంది పాల్గొన్నారు. వారిలో రక్తపోటు మందు మాత్రమే వాడినవారిలో 3.4 శాతం మందికి, మందుతోపాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో 2.7 శాతం మందికి తొలిసారి పక్షవాతం వచ్చింది. మొదటే ఫోలేట్ తక్కువగా ఉన్నవారికి ఎక్కువ మేలు జరిగింది. అయితే, ఒకసారి పక్షవాతం వచ్చినవారికి అధిక మోతాదులో ఈ విటమిన్లు ఇచ్చిన అమెరికా, కెనడా, స్కాట్లాండ్ అధ్యయనంలో 2004 నాటికి ప్రయోజనం కనిపించలేదు. అమెరికా, కెనడాలలో అప్పటికే పిండిలో ఫోలిక్ ఆమ్లం కలుపుతున్నారు. కనుక లోపాన్ని పూరించడమే మేలు. మోతాదు పెంచుకుంటూ పోవడం కాదు.

ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో సంశ్లేషించిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించారు. ఆ విటమిన్ ఆకుకూరలలోను, శనగ, పెసర వంటి పప్పుధాన్యాలలోను సహజంగానే లభిస్తుంది. అయితే అది వేడికి, నిల్వకు తట్టుకోదు, నీటిలో కరుగుతుంది. ఉడికించిన నీటిని పారబోస్తే పోషకం కూడా పోతుంది. బి12 మాత్రం పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం వంటి జంతు సంబంధ ఆహారంలోనే చెప్పుకోదగినంతగా ఉంటుంది. శాకాహారులు ఈ విషయంలో జాగ్రత్త వహించాలి. బి12 లోపాన్ని గమనించక ఫోలిక్ ఆమ్లం మాత్రమే వాడితే రక్తహీనత తగ్గినట్లు కనిపించి, నాడులకు హాని కొనసాగవచ్చు.

ఇక్కడ విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర కీలకం. చేవెళ్ల, శంకర్‌పల్లి పరిసరాల రైతులకు దిగుబడితోపాటు తెల్లవారుజామున కోత, నీడలో రవాణా, అదే రోజు విక్రయం గురించి కూడా బోధించాలి. వినియోగదారులకు కోయకముందే కడగడం, తక్కువ నీటితో మూతపెట్టి వండడం నేర్పాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరల పరిమాణాన్ని హఠాత్తుగా మార్చరాదని, వైద్యుని సలహా పాటించాలని హెచ్చరించాలి.

ఆకుకూర తింటే పక్షవాతం రాదని ప్రచారం చేయడం శాస్త్రీయం కాదు. రక్తపోటు నియంత్రణ, ఉప్పు తగ్గించడం, పొగాకు మానడం, వ్యాయామం ముందుగా రావలసినవి. వాటి పక్కన తాజా ఆకుకూరను నిలబెట్టడమే విస్తరణ రంగం ఇవ్వదగిన నిజాయితీ గల సందేశం.