కళ్ళు బాగున్నాయట, మరి చూపు ఏమైనట్టు?

ఈసారి మిర్చి ధర గురించి కాదు, కొంచెం ఓపిగ్గా చదవండి.

మా ఊళ్ళో ఒక కుర్రాడు పోయినేడు బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. తలకు దెబ్బ, పది రోజులు ఆసుపత్రి. ఇప్పుడు పత్తి తీయడానికెళ్తే కుడిపక్క పత్తి చెట్టుకే ఉండిపోతుంది. గట్టు మీద నడుస్తూ కుడిపక్క కాలవలో కాలేస్తాడు. కంటి పరీక్షలో అక్షరాలన్నీ చదివాడు, 'కళ్ళు బాగున్నాయి' అని రాసిచ్చారు. ఇంకేముంది, రచ్చబండ దగ్గర తీర్పు అయిపోయింది: పని ఎగ్గొట్టడానికి నాటకం. కొందరైతే గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారు.

అయ్యా, మోటారు నీళ్ళు తోడుతూనే ఉంటుంది, దారిలో పైపు పగిలితే చేలోకి చుక్క రాదు. మోటారు విప్పి చూసి బాగుందంటే ఏం లాభం? కన్ను పంపిన దాన్ని చూసేది మెదడు. ఆ భాగం తల వెనకవైపు ఉంటుంది. ఎడమవైపు మెదడులో అది దెబ్బతింటే రెండు కళ్ళకూ కుడి సగం పోతుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు మాత్రం చదవగలడు. చీకటిగా కూడా అనిపించదు, అక్కడ అసలేమీ లేనట్టే ఉంటుంది. అందుకే చాలాసార్లు ఆ మనిషికే తెలియదు.

ఇదొక్కటే కాదు. కంటిని తిప్పే నరం దెబ్బతింటే ఒకటి రెండుగా కనపడుతుంది. కొందరికి కిందికి చూస్తే ఇంకా ఎక్కువ, మెట్లు దిగలేరు, తల ఒక పక్కకు వంచి నడుస్తారు. ఒక కన్ను మూస్తే సరిపోతుంది. దాన్ని చూసి మనోళ్ళు కన్ను కొడుతున్నాడని నవ్వుతారు! ఇంకొందరు ఎండకు తట్టుకోలేరు, ఫోన్‌లో రెండు లైన్లు చదివితే తలనొప్పి.

వైద్యుల మీదా నాకు కోపముంది. డిశ్చార్జి చీటీలో బిళ్ళలన్నీ రాస్తారు, చూపు సంగతి ఒక్క ముక్క రాయరు. స్కానింగు బాగుందంటే అంతా బాగున్నట్టు కాదు, చిన్న చిన్న నరాల దెబ్బలు దాంట్లో పడకపోవచ్చు. ఇక కళ్ళజోళ్ళ దుకాణాలు సరేసరి. మూడుసార్లు నంబరు మార్చి డబ్బులు గుంజారు పాపం. సగం చూపు పోయినవాడికి నంబరేం చేస్తుంది?

తలకు దెబ్బ తగిలిన సంగతి కంటి డాక్టరుకు మీరే ముందు చెప్పండి. ఫీల్డ్ టెస్ట్ చేయమని అడగండి. కంటి నరాలు చూసే డాక్టర్లు వేరే ఉంటారు, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో ఆ విభాగం ఉంది. రెండుగా కనపడటం కొందరికి నెలల్లో తగ్గుతుంది, ప్రిజం అద్దాలున్నాయి, తర్వాత ఆపరేషనూ ఉంది. పోయిన సగం తిరిగి రాకపోయినా, తల తిప్పి ఆ పక్క వెతుక్కోవడం నేర్పిస్తారు.

పరీక్ష అయి డాక్టరు సరేననేదాకా బండి తాళం, ట్రాక్టరు తాళం చేతికివ్వకండి. ఎంత అలిగినా సరే. కూలికి పిలిస్తే కుడిపక్క సాలు ఇంకొకరికివ్వండి, కూలి మాత్రం తగ్గించొద్దు.