అల్ హంబ్రా నీళ్లు, మన వజూ నీళ్లు

అందలూస్ పేరు వింటే మనవాళ్ల దిల్ బరువెక్కుతుంది. 1492 జనవరి 2న గ్రెనడా చేజారింది, అల్ హంబ్రా మహల్ పరాయిదైంది అని ఫోన్లలో వీడియోలు పంపుకుంటాం. ఆ గమ్‌లో తప్పేం లేదు. కానీ పోయిన తఖ్త్ గురించి చెప్పినంతగా, ఆ బాగ్‌కు నీళ్లు ఎలా వచ్చాయో పిల్లలకు చెప్పం. నా షికాయత్ అదే.

అల్ హంబ్రా గుట్ట మీద ఉంది. కింద దార్రో నది. నది తనంతట తాను గుట్ట ఎక్కదు కదా! అందుకే నస్రీ సుల్తానులు ఎగువన నీటిని మళ్లించి, వాలు చూసుకుంటూ కొన్ని కిలోమీటర్ల కాలువ తవ్వించారు. కరెంటు లేదు, మోటారు లేదు. 12 రాతి సింహాలున్న హౌజ్‌కూ, పక్కనే జనరలిఫె బాగ్‌లోని కూరగాయల మళ్లకూ ఆ కాలువే ఆధారం. గోడల మీద మాత్రం గెలుపు అల్లాహ్‌దేనని మళ్లీ మళ్లీ చెక్కించుకున్నారు. అక్కడికి వెళ్లేవాళ్లకు దొరికే సుకూన్ వెనక ఇంత మెహనత్ ఉంది.

భానూర్‌లో షిఫ్టు డ్యూటీలు చేసుకునే మనకు గ్రెనడా టికెట్ ఎక్కడిది? గోల్కొండ దగ్గరి సాత్ గుంబద్ ఉంది కదా. అది అందలూస్ తర్జ్ కాదు, ఇరానీ, దక్కనీ తర్జ్. అయినా ఇల్మ్ ఒక్కటే: నీళ్లుంటేనే బాగ్. అక్కడి బడీ బావోలి 2013 వానలకు కూలింది. మరమ్మతు చేస్తే మళ్లీ వాన నీళ్లు పట్టింది. గోల్కొండ బావోలీల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్తే గుంబద్‌ల ముందు సెల్ఫీలతో సరిపెట్టకండి, ఆ బావోలి మెట్లు చూపించండి.

ఇక మన ఇలాఖా. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరా దాకా పోయిన సంగతి మన బుజుర్గులకు తెలుసు. రోజీ ఇచ్చిన చోటే నీళ్లు పాడయ్యాయి. ఫ్యాక్టరీల్ని అడగాల్సిందే. అడిగే ముందు మన మస్జిద్ ఆంగన్ కూడా చూసుకుందాం. ఐదు పూటలా వజూ నీళ్లు ఎటు పోతున్నాయి? చాలా చోట్ల సీదా మోరీలోకే. ఖబరస్తాన్‌లో జనాజా దించి నిలబడితే నెత్తిన నీడ ఉండదు.

"చెట్లు పెడితే ఆకులెవరు ఊడుస్తారు?" అంటారు కొందరు. టైల్స్ ఊడ్చే చేతులే ఊడుస్తాయి. వజూ నీళ్లలో సబ్బు ఉండదు. ఒక పైపు, నాలుగు గుంతలు, నాలుగు వేప మొక్కలు చాలు. చందాలో ఏసీ వాటా కన్నా ఇది తక్కువే. మనం నాటిన చెట్టు కాయ మనిషి తిన్నా, పిట్ట తిన్నా సదఖాయేనని హదీస్ చెబుతోంది.

మహల్‌లు కట్టే తాఖత్ మనకు లేదు. నీళ్లను అమానత్‌గా చూసే తహజీబ్ మాత్రం ఏ సుల్తానూ వెంట తీసుకుపోలేదు. వచ్చే జుమ్మాకు ముతవల్లీ సాబ్‌ను ఒక్క మాట అడగండి: "మన వజూ నీళ్లు ఏ చెట్టుకు పోతున్నాయి జనాబ్?"