అక్రమ వలస ఎవరిది?

"గొత్తికోయలు వచ్చి మన అడవిని, మన కూలిని లాక్కుంటున్నారు" అని చింతూరు వైపు మన కుర్రాళ్లే అంటున్నారు. అడవి మీద భారం పెరిగిన మాట నిజమే. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వాళ్లెవరు? 2005 తర్వాత సల్వాజుడుంకూ మావోయిస్టులకూ మధ్య నలిగి, పిల్లల్ని చంకనేసుకుని ఛత్తీస్‌గఢ్ నుంచి పరిగెత్తుకొచ్చిన ఆదివాసులు. ఈ దేశపౌరులే. వాళ్లు తక్కువ కూలికి ఒప్పుకుంటే, ఆ ఆకలిని చూసి రేటు తగ్గించిన ఆసామిని అడగండి.

చట్టం అక్రమమన్నది వేరే వలసను. 1/70 చట్టం వచ్చిన 1970 నుంచీ ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అయినా బినామీ పేర్లతో పోతూనే ఉంది. ఆ వచ్చినవాళ్లను మాత్రం "షావుకారు గారూ" అని పిలుస్తాం!

ఉద్యోగాలంటారా? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసింది గొత్తికోయలు కాదు.

గ్రామసభలో అందరికీ ఒకే కూలి కావాలని తీర్మానం చేయండి. పోయిన భూముల లెక్క తీయండి. టీచర్లూ, గొత్తికోయల పిల్లల్ని బడిలో చేర్చండి. చుట్టాన్ని తరిమితే పోయిన పొలం తిరిగి రాదు.